భవనాలు సరే, కొలతలు రాసేదెవరు?

విశ్వవిద్యాలయాల సముద్ర పరిశోధనా కేంద్రాలకు ఇరవై ఏళ్ల ప్రణాళిక కావాలంటూ వచ్చిన ఒక వ్యాసం చదివాను. అందులో భవనాలు, పడవలు, వసతి గృహాల గురించి చాలా ఉంది. రోజూ నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి రాసిపెట్టే మనిషి జీతం గురించి ఒక్క వాక్యమైనా లేదు. అసలు ఆస్తి ఆ లెక్కలే కదా! అమెరికాలో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధనా సంస్థ 1916 నుంచి తన తీరంలో రోజూ నీటి ఉష్ణోగ్రత తీస్తోంది. మూడేళ్ల ప్రాజెక్టు నిధులతో అలాంటి పని సాగుతుందా? డబ్బుకు దారి లేదనకండి. ఇటలీలోని నేపుల్స్‌లో జర్మన్ జీవశాస్త్రవేత్త ఆంటన్ డోర్న్ 1870లలోనే తన సముద్ర జీవుల పరిశోధనా కేంద్రంలోని పని బల్లలను విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వాలకు ఏడాది లెక్కన అద్దెకిచ్చి నెట్టుకొచ్చాడు. వాళ్లు పంపిన శాస్త్రవేత్తకు బల్లతో పాటు పరికరాలు, పరిశోధనకు సముద్ర జీవులు కూడా అందేవి.

కడపలో ఉన్నవాడికి ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 2021 నవంబరులో బంగాళాఖాతపు వాయుగుండం తెచ్చిన వానలకే రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా కూడా మా మీదుగానే నెల్లూరు తీరానికి పోతుంది. దారిలో గండికోట, మైలవరం, సోమశిల జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతే ఆ తీరం ఏమవుతుంది? సముద్ర కేంద్రం ప్రణాళికలో నది ఊసే లేకపోవడం వింతగా ఉంది. మా యోగి వేమన విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇక్కడి పెన్నా నీటిని కొలిచి ఆ కేంద్రానికి లెక్కలు పంపవచ్చు. దానికి కొత్త భవనం కూడా అక్కర్లేదు.