బిల్లు కూడా భోజనంతోనే

(సెలవులకి వెళ్లిన ఊళ్లో ఒక రెస్టారెంట్. సాయంత్రం 6 గంటలు. హాలంతా ఖాళీ. శేఖరం, పద్మ, మూడేళ్ల చింటూ, ఏడాదిన్నర బుజ్జి లోపలికి వచ్చారు. వెయిటర్ ఇంకా కుర్చీలు సర్దుతున్నాడు.)

శేఖరం: ఆరింటికి రాత్రి భోజనం ఏంటి పద్మా? బయట ఎండ ఇంకా తగ్గనే లేదు.

పద్మ: జనం లేనప్పుడు వస్తేనే ఆర్డరిచ్చింది తొందరగా వస్తుంది. నిన్న మీ మాట విని ఎనిమిదిన్నరకి వెళ్తే ఏమైంది?

శేఖరం: ఏమైంది, తిన్నాం కదా.

పద్మ: మీరు తిన్నారు. నేను వీడిని ఎత్తుకుని పార్కింగులో కార్ల నంబర్లు చదివాను. పిల్లాడికి అంకెలొచ్చేశాయి.

శేఖరం: సరేలే. అదిగో, కిటికీ పక్క టేబుల్ ఖాళీగా ఉంది. సముద్రం కనిపిస్తుంది.

పద్మ: వద్దు. ఆ మూల టేబుల్.

శేఖరం: ఇంత దూరం వచ్చి గోడ చూడమంటావా?

పద్మ: సముద్రం రేపు కూడా ఉంటుంది. ఆ కిటికీ టేబుల్ వంటింటి తలుపుకి ఎదురుగా ఉంది. వాళ్లేమో సెగలు కక్కే సూప్ గిన్నెలు మోసుకొస్తారు, వీడేమో అడ్డంగా పరిగెడతాడు. మూల కూర్చుంటే వీడు బయటపడాలంటే మిమ్మల్ని దాటాలి.

శేఖరం: అంటే నేను గేటునా?

పద్మ: ఇన్నాళ్లకి మీ పొట్ట ఒక పనికొచ్చింది. బుజ్జిని ఆ పిల్లల కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు పెట్టండి. నడుం దగ్గరొక్కటే కాదు, కాళ్ల మధ్య పట్టీ కూడా. లేకపోతే కిందికి జారిపోతుంది.

(శేఖరం పట్టీతో కుస్తీ పడుతుండగా పద్మ ఉప్పు డబ్బా, ఫోర్కులు, గాజు గ్లాసులు అన్నీ పక్క టేబుల్ మీదికి చేరవేసింది. పిల్లలున్న ఇల్లాలి చేతివేగం దొంగలకి కూడా ఉండదు.)

శేఖరం: ఇల్లు ఖాళీ చేస్తున్నట్టుంది. నా కాఫీ అయినా ఉంచుతావా?

పద్మ: మీ చేతికందేట్టు, దాని చేతికందనట్టు ఉంచుకోండి. టేబుల్ క్లాత్ వేలాడనివ్వకండి, లాగిందంటే కాఫీ దాని ఒళ్లోనే. పోసి పావుగంటైనా ఆ వేడికి పిల్లల ఒళ్లు కాలుతుంది.

వెయిటర్: ఆర్డర్ చెప్తారా?

శేఖరం: కొంచెం ఆగు బాబూ, మెనూ చూడనీ.

పద్మ: ఆగక్కర్లేదు. రూములోనే ఫోన్లో చూసి వచ్చాను. పిల్లలకి కారం లేని నూడుల్స్, కోసిన పళ్లు ముందు తెచ్చేయండి. మాకు ఇవి రెండూ. బిల్లు కూడా భోజనంతోనే తెండి.

వెయిటర్: బిల్లు... ఇప్పుడేనా మేడమ్?

శేఖరం: మమ్మల్ని చూస్తే పారిపోయేవాళ్లలా ఉన్నామేమో అనుకుంటాడు పద్మా!

పద్మ: పారిపోవాల్సి వస్తుందనే ముందు అడుగుతున్నా. ఇది ఏడుపు అందుకున్నాక బిల్లు కోసం చెయ్యి ఊపుతూ కూర్చోవడం నా వల్ల కాదు.

శేఖరం: చింటూకి కూడా నాకు చెప్పిన స్పెషలే చెప్పాల్సింది. కొత్త ఊరు, కొత్త రుచి. అలవాటు చెయ్యొద్దూ?

పద్మ: ఈ వయసులో కొత్త తిండి చూస్తే మొహం తిప్పుకోవడం మామూలే అండీ. ఒకే పదార్థం పది, పదిహేను సార్లు కంటపడితే గానీ నోట్లో పెట్టరు కొందరు.

శేఖరం: అయితే ఇవాళ మొదటిసారి అనుకో.

పద్మ: మిగతా పద్నాలుగు సార్లకీ ఇక్కడికే వద్దామా? తెలిసింది ఒకటి వాడి ముందుంచి, మీ ప్లేట్లోది ఒక చెంచాడు పక్కన పెడదాం. తింటే తింటాడు.

(బుజ్జి స్పూన్ కింద పడేసింది. శేఖరం వంగి తీశాడు. మళ్లీ పడేసింది. మళ్లీ తీశాడు. బుజ్జి మూడో స్పూన్ కోసం చెయ్యి చాపింది.)

పద్మ: కింద పడేస్తే ఏమవుతుందో పరీక్ష చేసి చూస్తారట ఈ వయసులో.

శేఖరం: స్పూన్ ఏమవుతుందో కాదు, నా నడుం ఏమవుతుందో చూస్తోంది. ఫోన్ ఇస్తానుండు.

పద్మ: దానికొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, రెండేళ్లు నిండనివాళ్లకి తెర వద్దని. పెద్దాడికైనా రోజుకి గంట మించకూడదు.

శేఖరం: ఆ సంస్థ వాళ్లని ఒక్క పూట మన బుజ్జితో హోటలుకి పంపిద్దాం.

పద్మ: సంచిలో స్టిక్కర్లున్నాయి, తీయండి. అన్నీ ఒకేసారి ఇవ్వకండి, ఒక్కొక్కటే.

(కాసేపటికి శేఖరం నుదుటి మీద ఏనుగు, ముక్కు మీద నక్షత్రం, కళ్లద్దాల మీద బాతు వెలిశాయి. పళ్లు తెచ్చిన వెయిటర్ నవ్వాపుకుని వెళ్లిపోయాడు. పద్మ కత్తి తీసుకుంది.)

శేఖరం: ద్రాక్షపండుకి ఆపరేషనా?

పద్మ: గుండ్రంగా ఉన్నది ఉన్నట్టు గొంతుకి అడ్డం పడితే ఊపిరాడదు. నిలువునా నాలుగు ముక్కలు చెయ్యాలి.

శేఖరం: అడ్డంగా కోసెయ్, తొందరగా అవుతుంది.

పద్మ: అడ్డంగా కోస్తే మళ్లీ గుండ్రమే కదండీ! ఇంజనీరింగు ఎలా పాసయ్యారు?

(బుజ్జి కింది పెదవి బయటికొచ్చింది. ఆ తర్వాత ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఒకేసారి లేచారు.)

శేఖరం: నేను తిప్పుకొస్తా.

పద్మ: నేను వెళ్తా. బయట చల్లగాలి.

శేఖరం: నిన్న నువ్వే కదా వెళ్లావు! ఇవాళ నా వంతు.

పద్మ: నిన్న పార్కింగు. ఇవాళ సముద్రం.

(అప్పుడే వెయిటర్ వేడి వేడి ప్లేట్లు, వాటితోపాటు బిల్లు తెచ్చి పెట్టాడు. పద్మ మనసు మార్చుకుని కూర్చుంది.)

పద్మ: సరే, మీరే వెళ్లండి. పది నిమిషాలే. తర్వాత నేను. మీ ప్లేటు చూస్తుంటాలెండి.

(పది నిమిషాలన్నది పావుగంటైంది. శేఖరం తిరిగొచ్చాడు. స్టిక్కర్లు అలాగే ఉన్నాయి. బుజ్జి భుజం మీద నిద్రపోతోంది. టేబుల్ మీద అతని ప్లేటు తళతళా మెరుస్తోంది.)

శేఖరం: నా స్పెషల్ ఏదీ?

పద్మ: చెంచాడు పక్కన పెట్టానండీ. వాడు చెంచా వదిలేసి ప్లేటు లాక్కున్నాడు. మిగతా పద్నాలుగు సార్లు అక్కర్లేదట.

శేఖరం: నువ్వు చూస్తుంటానన్నావు!

పద్మ: చూశాను కదా, వాడు తింటుంటే. ఎంత ముద్దుగా తిన్నాడో!

శేఖరం: మరి నేనేం తినాలి?

పద్మ: మెల్లగా అనండి, అది లేస్తుంది. వాడి నూడుల్స్ ముట్టుకోనే లేదు, అవి తినండి.

(శేఖరం ఒంటిచేత్తో చల్లారిపోయిన నూడుల్స్ ముందుకు లాక్కుని ఫోర్కు ఎత్తాడు.)

చింటూ: నాన్నా, అది నాది!