బడికి నర్సెందుకండీ?

విశాఖలో పెద్ద ప్రైవేటు బడి అంటే ఈ రోజుల్లో లేనిదంటూ ఉండదు. రోబోటిక్స్ ల్యాబ్ ఉంటుంది, గుర్రపు స్వారీ ఉంటుంది, జుట్టు కొలిచే సార్ ఉంటారు. నర్సు మాత్రం ఉండదు. అదేదో ఘోరమైనట్టు కొందరు తల్లిదండ్రులు పేరెంట్స్ మీటింగులో గొడవకు దిగుతున్నారు కాబట్టి, యాజమాన్యాల తరఫున నాలుగు మాటలు చెప్పక తప్పడం లేదు.

మొదట సిక్ రూమ్ సంగతి. అడ్మిషన్ల సీజన్లో మనకు చూపించే గది అదే: మంచం, తెల్ల దుప్పటి, గోడ మీద ఊపిరితిత్తుల పటం. జూలై వచ్చేసరికి అమ్ముడుపోని నోటుబుక్కులు, పాత జవాబు పత్రాలు, యానివర్సరీ కిరీటాలు అందులో కాపురం పెడతాయి. ఉబ్బసం ఉన్న పిల్లాడికి ఆయాసం రాగానే తీసుకెళ్లి ఆ దుమ్ములోనే పడుకోబెడతారు. ఆయాసంలో పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి అంటారు డాక్టర్లు. మరి అంత డబ్బు పోసి మంచం కొన్నది దేనికి?

ఇంటి నుంచి పంపిన నీలం ఇన్‌హేలర్ బీరువాలో భద్రంగానే ఉంటుంది. తాళం అడ్మిన్ సార్ దగ్గరుంటుంది. సార్ బ్యాంకుకు వెళ్లి ఉంటారు. ఈలోగా ఆయా వేడినీళ్లు పట్టి, ఛాతీకి బామ్ రాస్తుంది. పాపం, ఆవిడకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ఆఫీసు నుంచి ఫోన్ వెళ్తుంది: "మేడమ్, మీ బాబుకి కొంచెం ఆయాసంగా ఉంది, వచ్చి తీసుకెళ్తారా?" బడి మద్దిలపాలెంలో, మేడమ్ ఉద్యోగం ఊరికి ఆ చివర గాజువాకలో. ఆ ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం తగిలించి, అందులోని సాల్బుటమాల్ మందు పీలిస్తే కొద్ది నిమిషాల్లోనే గుణం కనిపిస్తుంది. దారిలో ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటడానికి ఎంతసేపు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక స్టాఫ్ రూమ్ వైద్యమండలి తీర్పు ఏమిటంటే, ఇన్‌హేలర్ ఆఖరి స్టేజీ, అలవాటైతే వదలదు, సిరప్ తాగించడమే మేలు. ఇన్‌హేలర్ ఒకసారి నొక్కితే వచ్చే పఫ్‌లో ఉండే మందు 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్రగా మింగితే చిన్న మాత్రలోనే 2 మిల్లీగ్రాములు, అంటే ఇరవై రెట్లు. నర్సుంటే ఈ లెక్క బయటపెట్టి పెద్దవాళ్ల పరువు తీసేది.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. నర్సన్నాక రిజిస్టరు పెడుతుంది. ఫలానా పాప నీలం ఇన్‌హేలర్ వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వాడుతోంది, ఉబ్బసం అదుపులో లేదు, రోజూ వాడాల్సిన మందు ఇంట్లో మానేశారేమో కనుక్కోండి అని రాస్తుంది. ఆయాసం ఎక్కువగా వస్తున్నది చాక్‌పీసు పొడి రాలే ముందు బెంచీలోనా, గ్రౌండు ఊడ్చే వేళలోనా అని ఆరా తీస్తుంది. జ్ఞానాపురం, మల్కాపురం నుంచి వచ్చే పిల్లల పేర్లు పక్కపక్కన రాసిందంటే ఇంకేమన్నా ఉందా! పొద్దున తుడిచిన డాబా పోర్టు బొగ్గు దుమ్ముకు సాయంత్రానికి నల్లబడే పేటలవి. ఇన్నాళ్లూ మనం ఆ పిల్లల ఆయాసాన్ని వాతావరణం మార్పు, మంచు, పిల్లాడి వీక్‌నెస్ అని ఎంత గౌరవంగా చెప్పుకుంటున్నాం!

నర్సును పెట్టుకున్నవాళ్ల గతి చూడండి. 1902లో న్యూయార్క్‌లో లీనా రోజర్స్ అనే నర్సును ప్రయోగంగా నాలుగు బడులకు పంపారు. పిల్లల గైర్హాజరు తగ్గిపోయింది. ఆ పాపానికి ఇంకొంతమందిని పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో మరీ అన్యాయం: 2014 అక్టోబరు నుంచి ఏ పిల్లాడి పేరూ లేని అత్యవసర ఇన్‌హేలర్‌ను బడే కొని ఉంచుకోవచ్చట. బీరువా తాళానికి ఇంక విలువేముంది?

మన బడులు ఏమీ చేయడం లేదనడం కూడా అన్యాయం. ప్రపంచ ఆస్తమా దినం మే మొదటి మంగళవారం. మనకప్పుడు వేసవి సెలవులు. అయినా వాట్సాప్‌లో చిత్రలేఖనం పోటీ పెడతారు. బడిలో నర్సు బొమ్మ గీసిన పాపకు మొదటి బహుమతి ఇస్తారు, ఊహాశక్తి బాగుందని.