రాష్ట్రమా, జాతా, దేశమా?

ఒడిశాలో మా బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒడియా మీడియంలో చదివే తెలుగు పిల్లలకి ఒక తంటా ఉంది, బయటివాళ్ళకి అంతగా తెలీదు. బళ్ళో రాజ్య అంటే ఒడిశా, రాష్ట్ర అంటే మొత్తం ఇండియా. ఇంటికొచ్చి తెలుగు పేపర్ తిప్పితే రాష్ట్రం అంటే ఒడిశానో ఆంధ్రానో, రాజ్యం అంటే పాత రాజులదో లేకపోతే సర్కారో. మరి రాష్ట్రపతి ఏ రాష్ట్రానికి అని పిల్లలడిగితే నవ్వేసి ఊరుకుంటున్నాం. ఇంతకీ నేషన్‌కి తెలుగులో ఏ మాట వాడాలి?

రాష్ట్రం అన్న మాటని తెలుగువాళ్ళే తప్పుగా వాడతారని హిందీ వచ్చినవాళ్ళు కొందరు అంటుంటారు, అది మేం ఒప్పుకోం. సంస్కృతంలో రాజ్ అంటే ఏలడం, రాష్ట్రం అందులోంచే వచ్చింది, ఏలిన మేర ఎంతైతే అంత. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల్లో రాజు దానం ఇచ్చినప్పుడు అక్కడి "రాష్ట్రకూట ప్రముఖులైన" (అంటే రాష్ట్రం పెద్దలు మొదలైన, రాజవంశం కాదు) రైతులందరికీ ఆజ్ఞ చెప్తాడు, ఆ రాష్ట్రం మహా అయితే ఒక జిల్లా అంత, గుంటూరు వైపు కర్మరాష్ట్రం అని ఒక సీమకి పేరే ఉండేది. మన వాడుక ఈనాటిది కాదు. నేషన్ అన్న బరువు దానిమీద పడింది ఇంగ్లీషు చదువులొచ్చాకే.

జాతి సంగతి ఇంకా చిక్కు. జన్ అంటే పుట్టడం, నేషన్‌కి మూలమైన లాటిన్ మాట కూడా పుట్టుకే, అందుకని చక్కగా అతికింది. జాతిపిత, జాతీయ గీతం, జాతీయ రహదారి అన్నీ వచ్చేశాయి, ఒడియాలోనూ జాతీయ అనే అంటారు. కానీ ఇక్కడ తహసిల్ ఆఫీసులో జాతి ప్రమాణపత్ర అడిగితే ఇచ్చేది కులం సర్టిఫికెట్! 1903లో ఒడియావాళ్ళ ఉత్కళ సమ్మిళని మొదలైంది, 1913లో బాపట్లలో తెలుగువాళ్ళ ఆంధ్ర మహాసభ, ఇద్దరూ జాతి జాతి అన్నారు, చివరికి 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు సరిహద్దు గీత పర్లాకిమిడి జమీందారీ మధ్యలోంచి పోయింది, పట్నం ఇటు ఒడిశాలోకొచ్చింది, ఎస్టేటులో చాలా ఊళ్ళు అటు మద్రాసు వైపే ఉండిపోయాయి, మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే. పుట్టుకని బట్టి లెక్కేస్తే మా చుట్టాలు ఏ జాతి, మేం ఏ జాతి?

అందుకే మా ఓటు దేశం అన్న మాటకి. దిశ్ అంటే చూపించడం, దేశం అంటే వేలుపెట్టి చూపించే చోటు. కళింగ దేశం, వేంగీ దేశం అని అన్నది అందుకే, ఎవరి కడుపున పుట్టావని ఆ మాట అడగదు. (ఇచ్ఛాపురం దాటాక దేశం వాళ్ళు అంటే పార్టీవాళ్ళు అనుకోండి, అది వేరే గొడవ.)

జాతీయ రహదారి బోర్డులు మార్చమని మేం అడగట్లేదు, అలవాటైనవి అలాగే ఉండనీండి. ఇక్కడి తెలుగు బళ్ళ సివిక్స్ పాఠంలో మాత్రం నేషన్ వచ్చిన చోట దేశం అని, ఒడిశాని రాష్ట్రం అని రాసి పక్కనే ఒడియా మాట కూడా వేస్తే చాలు, కనీసం పరీక్షలో రాజ్యసభ అంటే రాజుల సభ అని రాసి మార్కులు పోగొట్టుకోరు.