రాజాకి స్కానింగ్

కామాక్షి: ఏమండీ, రేపు రాజాని స్కానింగ్‌కి తీసుకెళ్ళాలి.

సుబ్బారావు: మగకుక్కకి స్కానింగేంటే?

కామాక్షి: పిల్లలు పుట్టే యోగం ఉందో లేదో చూడటానికి.

సుబ్బారావు: వాడికేం తక్కువ? లోపమంతా వాడితో జత కట్టించిన ఆ రెండు ఆడకుక్కల్లోనే ఉంది.

కామాక్షి: అవి రెండూ వేరే కుక్కలతో కలిసి పిల్లల్ని కన్నాయి. ఇంకా వాటి మీదకే తోస్తారేం?

సుబ్బారావు: సరే... కోస్తారా? మత్తిస్తారా?

కామాక్షి: మామూలుగా మత్తు కూడా అక్కర్లేదు. జెల్ రాసి ప్రోబ్, అంటే స్కానింగ్ మెషీన్‌కి ఉండే చేతి పరికరం, ఆనిస్తారంతే.

సుబ్బారావు: ఎక్కడ?

కామాక్షి: ఎక్కడేంటండీ! ముందు వృషణాల మీద. తర్వాత పొత్తికడుపు మీద, లోపలుండే ప్రోస్టేట్ గ్రంథి కోసం.

సుబ్బారావు: (కాళ్ళు దగ్గరకి ముడుచుకుని) పాపం రా, రాజా! అయినా పైకి అన్నీ బాగానే ఉన్నాయిగా?

(రాజా మాత్రం హాయిగా నిద్రపోతున్నాడు. బాధంతా ఈయనదే.)

కామాక్షి: చేతికి తగలని చిన్న గడ్డలు కూడా స్కాన్‌లో కనిపిస్తాయి. బాగున్న వృషణం లోపలంతా ఒకే తీరుగా, మధ్యలో తెల్లటి గీతతో ఉంటుందట. ఆ తీరు చెదిరితే అనుమానించాలి.

సుబ్బారావు: మరి ప్రోస్టేట్‌తో ఏం పని?

కామాక్షి: వీర్యంలో ఎక్కువ భాగం దాన్నుంచి వచ్చే ద్రవమే. వృషణాలు తీసేసే ఆపరేషన్ కాని మగకుక్కలకి వయసు పైబడితే అది పెరుగుతుంది. ఒక్కోసారి వీర్యంలో రక్తం కూడా పడుతుంది. మనవాడికి ఎనిమిదేళ్ళు నిండాయి కదా.

సుబ్బారావు: నాకు యాభై ఆరు...

కామాక్షి: మీ సంగతి తర్వాత చూద్దాం.

సుబ్బారావు: స్కాన్ బాగుంటే ఇక తిరుగులేదుగా? రిపోర్టుకి ఫ్రేమ్ కట్టిస్తా!

కామాక్షి: ఆగండి. స్కాన్‌లో వీర్యకణాలు కనిపించవు. ఎన్నున్నాయో, ఎలా కదులుతున్నాయో తెలియాలంటే వీర్యాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే. పిల్లలు పుట్టకుండా చేసే బ్రూసెల్లా అనే బాక్టీరియా ఉందేమోనని రక్తం కూడా పరీక్షిస్తారు.

సుబ్బారావు: బాగోలేదని వస్తే?

కామాక్షి: కారణాన్ని బట్టి మందులు. కొత్త వీర్యకణం తయారవడానికే దాదాపు 62 రోజులు పడుతుంది. అది బయటికొచ్చేసరికి ఇంకొన్ని రోజులు. అప్పుడు మళ్ళీ పరీక్ష.

సుబ్బారావు: అన్నాళ్ళు వాడు తలెత్తుకుని ఎలా తిరుగుతాడే?

కామాక్షి: వాడు తోకెత్తుకుని తిరుగుతాడు. తల గొడవ మీదే.

సుబ్బారావు: అది సరే, రిపోర్టు మీద యజమాని పేరు వేస్తారా?

కామాక్షి: వేస్తారు.

సుబ్బారావు: నీ పేరు వేయించు.

కామాక్షి: అన్నీ బాగున్నాయని వస్తే?

సుబ్బారావు: అప్పుడు మార్పించుకోవచ్చులే!