ఒక్క కమాండే కదా అనకండి

ఎన్‌బ్లెండ్, ఎన్‌ఫ్యూజ్ రెండూ నాకు చాలా ఇష్టమైన ప్రోగ్రాములు. అంచులు ఒకదాని మీద ఒకటి పడేలా తీసిన ఫొటోలను అతుకు కనపడకుండా మొదటిది కలుపుతుంది. కిటికీ ఉన్న గదిని చీకటిగా, మామూలుగా, వెలుతురు ఎక్కువగా మూడుసార్లు తీసి ఇస్తే, బయటి చెట్టూ లోపలి గోడా రెండూ తెలిసేలా ఒక్క ఫొటో చేసిపెడుతుంది రెండోది. కానీ లినక్స్‌కి వీటిని ప్యాకేజీ చేయడం, అంటే ఎవరైనా ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసుకునేలా తయారుచేసి పెట్టడం ఉందే, ప్రాణం తోడేస్తుంది! 4.2 వెర్షన్ 2016లో వచ్చింది, ఆ కోడ్ అక్కడే ఉంటే చుట్టూ ఉన్న కంపైలర్ (కోడ్‌ని ప్రోగ్రాముగా మార్చేది), ఇవి వాడుకునే బూస్ట్, విగ్రా లైబ్రరీలు అన్నీ మారిపోతూనే ఉంటాయి, ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ అనే ఇమేజ్ లైబ్రరీ 3వ వెర్షన్ వచ్చేసరికి దానిలోని ఇమాత్ అనే లెక్కల భాగం విడిగా ఇంకో లైబ్రరీ అయిపోయింది, ప్రతిసారీ వాటికి సరిపడేలా కోడ్‌కి ప్యాచ్‌లు (చిన్న చిన్న మార్పులు) కూర్చుని కుట్టాల్సింది ప్యాకేజీ చేసే మేమే.

మొన్న రాత్రి నాలుగు జాబులతో, అంటే ఒకేసారి నాలుగు ఫైళ్లు కంపైల్ అయ్యేలా బిల్డ్ పెట్టి అన్నం తినొచ్చేసరికి స్క్రీన్ మీద 'కిల్డ్' అని ఒకే మాట. విగ్రా నిండా కంపైల్ చేసేటప్పుడు మెమరీ తినేసే సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లు, నా 8 జీబీ మెమరీ ఆ దెబ్బకి ఆగలేదు. ఒక్క జాబుతో మళ్లీ మొదలుపెట్టా. ప్రోగ్రాము బిల్డ్ అయింది, ఈసారి మాన్యువల్ దగ్గర ఆగింది, దాన్ని తయారుచేయడానికి లేటెక్ (డాక్యుమెంట్లకి), గ్నూప్లాట్ (గ్రాఫులకి) అన్నీ కావాలి. రెండింటికి పడుకున్నా.

పొద్దున్నే ప్యాకేజీ కోసం చూస్తున్న ఒకరి మెసేజ్: 'ఒక్క కమాండే కదా, ఇంత లేటెందుకు?' నిజంగా ఏడుపొచ్చింది. అడిగే ముందు ఒక్కసారి మీ మెషీన్‌లో బిల్డ్ చేసి చూడండి, ఆ ఎర్రర్ లాగ్ నాకు పంపండి చాలు.