ఈసీజీ తీసేవాళ్లు రాత్రిపూట కూడా ఉండాలి

గుండెపోటుతో వచ్చినవాళ్లకు ఏరియా ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి కార్డియాలజిస్టు (గుండె డాక్టరు) తన దగ్గరి నుంచే చూసి చికిత్స చెప్పే స్టెమీ (గుండె రక్తనాళం మూసుకుపోయి వచ్చే తీవ్రమైన గుండెపోటు) పథకం గురించి మీ వ్యాసంలో బాగా రాశారండీ. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఏరియా ఆసుపత్రిలోనే ఇవ్వడం. రక్తనాళంలో గడ్డను కరిగించే ఈ మందు బయట కొనాలంటే వేలల్లో ఖర్చు. బరువును బట్టి డోసు, ఒక్కసారే నరానికి ఇస్తారు, సెకన్ల పని. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇవ్వొచ్చు గానీ, మొదటి రెండు మూడు గంటల్లో పడితేనే గుండె కండరం ఎక్కువ దక్కుతుంది.

కానీ చాలాసార్లు ఆలస్యం జరిగేది ఇంట్లోనే. "గ్యాస్ పట్టిందేమో, పొద్దున చూద్దాం" అని సోడా తాగించి పడుకోబెడతారు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు మాత్రమే రావచ్చు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమని అడగండి. మా పెద్దమ్మకు గుండెపోటు రెండో ఈసీజీలోనే బయటపడింది.

ఇంకో మాట. రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలంటారు. రాత్రి డ్యూటీలో తీసే మనిషే లేకపోతే ఎలా? ముందు ఆ పోస్టులు నింపాలి.