మహారాజశ్రీ ఎంఆర్‌ఐ గారి దివ్యసముఖమునకు

విశాఖపట్నం నుంచి, వాచిన మోచేతి యజమానిగారి బావమరిది వ్రాయు విన్నపములు. ఇక్కడ అంతా క్షేమం. తమరు మహారాణిపేటలో ఏసీ గదిలో, వచ్చినవాళ్ల వాచీలూ తాళాలూ మొలతాళ్లూ బయట పెట్టించి, రాత్రీపగలూ టకటకా ధనధనా మోగుతూ క్షేమమని తలుస్తాను.

మా బావగారికి గాజువాకలో కిరాణా కొట్టు. గల్లాపెట్టె మీద కుడి మోచేయి ఆనించి కూర్చోవడం ఆయన వృత్తిలో భాగం. ఈమధ్య ఆ మోచేతి కొన నిమ్మకాయంత ఉబ్బి ఎర్రబడింది. "ఆ పెద్దది తీయించేసుకోండి, ఓ పనైపోతుంది" అంది మా అక్క. పెద్దదంటే తమరే. మా వైపు జబ్బుకు గౌరవం స్కానింగ్ బిల్లును బట్టి ఉంటుంది. ఎక్స్‌రేతో సరిపెట్టుకున్న రోగిని పెళ్లిళ్లలో ఎవరూ పలకరించరు.

తమ రిపోర్టు వచ్చింది. ఓలెక్రానన్ బర్సాలో నీరు చేరిందట, దాని పొర మందమైందట. మోచేతి ఎముక కొసకీ చర్మానికీ మధ్య రాపిడి తగలకుండా ఉండే పల్చటి సంచి అది. పుట్టినప్పుడు ఉండదు, చిన్నతనంలో ఏర్పడుతుంది. బాగున్నంతకాలం పొరలు అతుక్కుని పడుంటుంది, తమ కంటికి కూడా సరిగా ఆనదు. నీరు పట్టిందా, తమరు తీసే టీ2 అనే రకం చిత్రాల్లో తెల్లగా వెలిగిపోతుంది. అందంగానే ఉంది. మా బావగారు ఆ ఫిల్మును ట్యూబ్‌లైటుకి అడ్డుపెట్టి కొట్లోకి వచ్చిన ప్రతివాళ్లకీ చూపించారు, కుడి మోచేయి గల్లాపెట్టె మీదే ఆనించి.

కానీ మహాప్రభో, నీరుందన్న సంగతి మా అక్క వంటింట్లోంచే చెప్పింది. ఎందుకు చేరిందన్నదే మా ప్రశ్న. రాపిడికా, క్రిములు దూరా, గౌట్ అనే కీళ్లజబ్బు వల్లా? ఏదైనా తమ బొమ్మలు చాలాసార్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయట. అందుకే కాబోలు, చివరి వాక్యంలో "క్లినికల్ కోరిలేషన్ అవసరం" అని రాసి చేతులు దులుపుకున్నారు. అంటే మోచేతిని డాక్టరు ఓసారి ముట్టుకుని చూడాలని! ఆ మాట డబ్బు కట్టే కౌంటరు దగ్గరే చెప్పుంటే ఆటో ఛార్జీలైనా మిగిలేవి.

తమ ప్రజ్ఞను శంకించడం లేదు. మోచేతి ముందువైపు లోతుగా, జబ్బ కండ తాడు (బైసెప్స్ టెండన్) ముంజేతిలోని రేడియస్ ఎముకకు అతుక్కునే చోట ఇంకో సంచి ఉంది, బైసిపిటోరేడియల్ బర్సా. అది ఉబ్బి పక్కనున్న నరాన్ని నొక్కితే వేళ్లు చాపడం కష్టమవుతుంది. అక్కడ వేలితో తడిమి లాభం లేదు, తమలాంటివారే దిక్కు. మరి చర్మం కిందే, ఎదురుగా కనపడుతున్నదానికి తమంతటివారెందుకు? అల్ట్రాసౌండ్ ఉంది కదా. జెల్ దండిగా రాసి, ప్రోబ్ ఆనీ ఆననట్టు పెట్టాలి. గట్టిగా అదిమితే నీరు పక్కకు జారి సంచి ఖాళీగా కనిపిస్తుంది. డాప్లర్ పెడితే వాచిన పొరలో రక్తం ఎంత ఉరకలేస్తోందో తెలుస్తుంది. అది చూస్తూనే సూది కూడా గుచ్చొచ్చు.

చివరికి సూదే తేల్చింది. ఓ పెద్ద డాక్టరు ఫిల్ముల కవరు విప్పకుండానే, మోచేతి వేడి చూసి, "కాలి బొటనవేలు ఎప్పుడైనా అర్ధరాత్రి మండిపోయిందా?" అని అడిగారు. మండిందట. గుమ్మం తగిలిందనుకున్నారట. సిరంజితో నీరు తీసి ల్యాబుకు పంపితే క్రిములు లేవు, మైక్రోస్కోపు కింద సూదుల్లాంటి యూరేట్ స్ఫటికాలు, అంటే గడ్డకట్టిన యూరిక్ యాసిడ్, ఉన్నాయి. గౌటన్నమాట, ఆ బొటనవేలి మంటా దానిదే. (నొప్పీ ఎరుపూ లేని ఉత్త నీటికైతే ఆ సూది కూడా వద్దంటారు, దాంతోనే క్రిములు లోపలికి పోవచ్చని.)

ఒక్క మనవి. తమ దాయాది డ్యూయల్ ఎనర్జీ సీటీ (రెండు శక్తుల ఎక్స్‌రేలతో తీసే స్కాన్) ఒకరున్నారని, వారు యూరేట్‌ను ఏకంగా రంగు వేసి చూపిస్తారని విన్నాను. ఆ సంగతి మా బావగారి చెవిన పడనివ్వకండి. రంగుల్లో వస్తుందంటే ఈసారి కాలివేలు కూడా పట్టుకొస్తారు.

ఇట్లు,
తమ బిల్లులో సగం సర్దిన బావమరిది